పొగకు యజమాని

మా ఫైర్ స్టేషన్లో కోటు ఉతికినవాణ్ణి మగాడిగా లెక్కేయం. ఈ నియమం రూల్సు పుస్తకంలో ఎక్కడా లేదు. పుస్తకంలో ఉన్నవాటిని పాటించే తీరిక మాకు ఎటూ ఉండదు కాబట్టి, లేనిదాన్ని పట్టుకుని వేలాడుతూ వచ్చాం.

కొత్తగా చేరినవాడు మడత నలగని కోటు వేసుకుని వస్తే "పెళ్లికొడుకొచ్చాడ్రోయ్!" అని అరుస్తాం. వాడు ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీ, రెండు పత్తి మిల్లులు, ఒక పరుపుల కొట్టు ఆర్పి, ఆ కోటు బొగ్గురంగుకు తిరిగాక అప్పుడు పేరు పెట్టి పిలుస్తాం. మా కొత్తమాగులూరులో మిరపకాయలకూ పత్తికీ కొరత లేదు. అందుచేత ఏ పెళ్లికొడుకూ ఏడాదికి మించి పెళ్లికొడుకుగా మిగల్లేదు.

నా పేరు మస్తాన్ వలీ. ఫైరింజను నడుపుతాను. మంట దగ్గర పంపు పక్కన నిలబడి పైపులోకి నీళ్లు వదలడం కూడా నా పనే. నేను నమాజు చేసుకునేవాణ్ణే అయినా ఒక సంగతి ఒప్పుకోక తప్పదు, మా స్టేషన్‌కు ఒక ఇలవేల్పు ఉంది. అది మొదటి మేకుకు వేలాడుతుంటుంది. మా లీడింగ్ ఫైర్‌మన్ బొల్లా అంకారావు కోటు. పదకొండేళ్లుగా సబ్బు ఎరగదు. బెల్లు మోగగానే మేం పద్నాలుగు మందిమీ దాన్ని తాకి, వేళ్లు కళ్లకద్దుకుని బండెక్కుతాం. రెప్పల మీద కాటుక తేలుతుంది. తాకినరోజు ఎవరికీ దెబ్బ తగలదని మా నమ్మకం. ఎవరికైనా తగిలిందా, వాడు సరిగ్గా తాకలేదని తేల్చేవాళ్లం.

ఇక అంకారావు గొంతు. లోపల కప్పు కూలుతున్నా, బయట ఇంజను హోరెత్తుతున్నా, "నీళ్లొదులు బావా!" అని అతను కేక వేస్తే నాకు చెవి పక్కన పిలిచినట్టు వినబడేది. అతని భార్య వజ్రమ్మ నన్ను అన్నయ్యా అంటుంది కాబట్టి మేమిద్దరం బావా బావమరుదులం. ఆ గొంతు సంక్రాంతి దాటాక బొంగురుపోయింది. మిరపకాయ ఘాటు అనుకుని పటికబెల్లం నమిలించాం. మిరియాల కషాయం పట్టించాం. వేసవి వచ్చేసరికి గుటక మింగడమే కష్టమైంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే గొంతులో క్యాన్సర్ అన్నారు.

అక్కడి డాక్టరమ్మ చీటీ రాస్తూ రాస్తూ తలెత్తి, "మంట ఆర్పి వచ్చాక ఆ బట్టలు ఏం చేస్తారు?" అని అడిగింది.

"మేకుకు తగిలిత్తామండీ" అన్నాడు అంకారావు, ఆ బొంగురులోనే కాస్త గర్వంగా.

"ఉతకరా?"

అంకారావు నాకేసి చూశాడు. పాపం ఈవిడకు మన పద్ధతులు తెలియవు అని ఆ చూపు.

ఆవిడ కలం పక్కన పెట్టింది. పొగ ఊపిరితోనే లోపలికి పోదనీ, బట్టకు పట్టిన మసి చర్మంలోంచి కూడా ఇంకుతుందనీ, ఆ కోటు తొడుక్కోవడమంటే ఒంటికి విషం పూసుకోవడమేననీ చెప్పింది. "ముందు మీ స్టేషన్లో అందరి కోట్లూ ఉతికించండి" అంది. ఆపరేషన్‌కు జూన్ పద్దెనిమిది తేదీ వేసింది. మా డిపార్టుమెంటు నుంచి అనుమతి లెటరు పదిహేడు సాయంత్రానికల్లా అందాలి. అందకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుంది, మళ్లీ ఆగస్టే. "ఆగస్టు దాకా ఆగడం మంచిది కాదు" అని, ఆ మాట అంకారావుతో కాకుండా వజ్రమ్మతో చెప్పింది.

మర్నాడు పొద్దున్నే వజ్రమ్మ బకెట్టూ సబ్బుపొడీ తీసుకుని స్టేషన్‌కు వచ్చింది. "ఆ కోటు ఇయ్యండి" అంది.

మేం ఇవ్వలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, చెప్పకపోతే తర్వాత ఎవరినీ ఆటపట్టించే హక్కూ నాకు ఉండదు. పదమూడు మంది మగాళ్లం మేకుకు అడ్డంగా నిలబడ్డాం. ఒకడు అరిష్టం అన్నాడు. ఇంకొకడు కోటు చిరిగిపోతుందన్నాడు. మంచం పట్టిన అంకారావు ఇంట్లోంచి కబురు పంపాడు: "దాన్ని ఉతికితే ఇంక నేనేందే?" అని. వజ్రమ్మ మా అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసి, బకెట్టు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

మా మూర్ఖత్వం ఇంటి సరుకు. దానికి ముద్ర వేసి, నంబరు ఇచ్చి, ఉత్తర్వుగా మార్చడానికి ఒక కార్యాలయం కావాలి. ఆ వారంలోనే అది వచ్చింది.

*

'అగ్నిమాపక సిబ్బంది మరియు వారి కుటుంబముల క్యాన్సర్ తోడునీడ కేంద్రం' అని బోర్డు. మా స్టేషన్ వెనక ఖాళీ స్థలాన్ని లీజుకు తీసుకుని రేకుల షెడ్డు వేశారు. డిపార్టుమెంటు తరఫున అనుమతి లెటర్లు ఇకమీదట ఇక్కడే ఇస్తారన్నారు. సంచాలకులు పరాంకుశం గారు. తెల్లటి సఫారీ సూటు, జేబులో రెండు కలాలు, ఒకటి సంతకానికి, ఒకటి కొట్టివేతకు. మంచి మనిషి. ఎవరి కష్టం విన్నా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ నీళ్లు ఫైలు మీద పడకుండా పక్కకు తిరుగుతారు.

ప్రారంభోత్సవంలో ఆయన అరగంట మాట్లాడారు. "సానుభూతి ఈ కేంద్రానికి హృదయం, ఆధారం దీనికి వెన్నెముక. హృదయం లేకపోయినా కొంతకాలం నడవవచ్చును గానీ, వెన్నెముక లేక నిలబడజాలము" అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. తర్వాత మొదటి లబ్ధిదారు కుటుంబంగా వజ్రమ్మను పిలిచి ఒక సంచి ఇచ్చారు. అందులో టోపీ, ఫైర్ బకెట్టు ఆకారంలో తాళాల గుత్తి, 'మసి: ప్రమాదములు, జాగ్రత్తలు' అనే హ్యాండ్‌బుక్కు ఉన్నాయి. హ్యాండ్‌బుక్కు మొదటి పేజీలోనే, మసి చర్మానికి సోకిన వెంటనే కడుక్కోవాలని ఎర్రక్షరాల్లో వేశారు.

"లెటరు ఎప్పుడిత్తారండీ?" అంది వజ్రమ్మ సంచి అందుకుంటూ.

"తప్పక ఇస్తామమ్మా. ఒక్క గడి నింపితే చాలును." పరాంకుశం గారు దరఖాస్తు తీసి చూపించారు. పందొమ్మిదో గడి: 'వ్యాధికి కారణమైన మంట.' ఒక గీత, దాని పక్కన తేదీ.

అంకారావును కుర్చీలో కూర్చోబెట్టి అడిగారు. "చెప్పండి. ఏ పొగ వల్ల వచ్చింది?"

అంకారావు ఆలోచించాడు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు గుర్తు చేసుకోవడానికి కొంత సేపు పట్టింది. "అన్నీ సార్" అన్నాడు.

"అన్నీ అనగా?"

"అన్ని పొగలూ సార్."

పరాంకుశం గారు జాబితా తిరగేశారు. "'అన్నీ' అనే మంట మా పట్టికలో లేదు. ఒక వ్యాధికి ఒక మంట. ఇష్టం వచ్చినన్ని మంటలు రాయనిస్తే రేపు దీపావళి పేరు చెప్పి ప్రజలందరూ దరఖాస్తు చేయగలరు."

మా స్టేషన్ ఆఫీసర్ సాల్మన్‌రాజు గారు పక్కనే ఉన్నారు. పై అధికారి ముందు ఆయన నోట 'అవును సార్' తప్ప ఇంకో మాట రాదు. నియమాలను మాత్రం తు.చ. తప్పకుండా బట్టీ పడతారు. "అవును సార్" అన్నారు.

నేను ఉండబట్టలేక, "సార్, ఆ మంటలన్నీ ఆయన కోటు మీదే ఉన్నాయండీ, పదకొండేళ్లయి" అన్నాను. నా నోటిని కుట్టేయాల్సింది.

పరాంకుశం గారి ముఖం వెలిగిపోయింది. "ఆధారం!" అన్నారు.

సాయంత్రానికి కోటును మేకు నుంచి దించి, గోనెసంచిలో పెట్టి, లక్కముద్ర వేసి బీరువాలోకి ఎక్కించారు. ఒక్క కోటు సీలు చేసి తక్కినవి వదిలేస్తే పక్షపాతం అవుతుందని, రేపో మాపో రోగం వచ్చే అవకాశం మాకూ సమానంగా ఉందని, మిగతా పదమూడు కోట్లకూ సంచులు కుట్టించారు. ఉత్తర్వు గోడకు అంటించారు: 'మసి సోకిన సమస్త వస్త్రములు ఆధారములుగా పరిగణింపబడును. పొగ యజమాని ధ్రువపత్రము అందువరకు సదరు మసిని కడుగుట, తుడుచుట, దులుపుట నిషేధము.'

పొగ యజమాని అంటే ఏమిటని నేనడిగితే, సాల్మన్‌రాజు గారు గొంతు తగ్గించి చెప్పారు. ఏ ఆస్తి తగలబడిందో ఆ ఆస్తి సొంతదారు. పొగ అతని సరుకులోంచి వచ్చింది కాబట్టి, అది ఫలానా రోగాన్ని కలిగించే పొగేనని అతనే సంతకం పెట్టాలి.

"తగలబెట్టుకున్నోడు సంతకం పెడతాడంటారా సార్?"

"అది మన పరిధి కాదు మస్తాన్" అన్నారాయన.

ఆ వారం నాలుగు మంటలకు బనియన్ల మీద వెళ్లాం. తాకడానికి కోటు లేక, ఒకరి భుజం ఒకరు తాకి కళ్లకద్దుకున్నాం.

*

జూన్ మొదటి వారమంతా నేనూ వజ్రమ్మా ఫారాలు పట్టుకుని యజమానుల చుట్టూ తిరిగాం.

కోల్డ్ స్టోరేజీ చెంచురామయ్య గారు మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. అంకారావు తన కాయ కాపాడిన సంగతి మరిచిపోలేదు. ఫారం చదివాక మాత్రం దాన్ని నావైపు తోసేశారు. "ఏందయ్యా ఇది? మా కాయ పొగ పీలిస్తే క్యాన్సరొచ్చిద్దని నేను రాసియ్యాలా? మా సరుకు పై దేశాలకు పోద్ది! ఈ కాయితం ఒక్కటి బయటికొచ్చిందంటే ఊళ్లో రైతులందరూ నా ఇంటి మీదకొస్తారు."

టైర్ల గోడౌనాయన తన గోడౌన్లో టైర్లే లేవన్నాడు. కాగితాల్లో కొబ్బరిపీచు. మూడు రోజులు తగలబడిన ఆ కొబ్బరిపీచు పొగ నాకు బాగా గుర్తుంది, జన్మలో మరిచిపోను.

పరుపుల కొట్టు ఉన్న చోట ఇప్పుడు కల్యాణ మండపం ఉంది. అక్కడ ఎప్పుడూ కొట్టు ఉన్న దాఖలా లేదని మున్సిపాలిటీ వారు రాసిచ్చారు. ఆ కాగితం తీసుకెళ్లి చూపిస్తే పరాంకుశం గారు అద్దాలు సవరించుకున్నారు. "కొట్టు లేనప్పుడు మంట లేదు. మంట లేనప్పుడు పొగ లేదు" అన్నారు. రెండు రోజులకు మాకు మెమో వచ్చింది: జరగని అగ్నిప్రమాదమును తొమ్మిది వేల లీటర్ల నీటితో ఏల ఆర్పితిరో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.

వజ్రమ్మ ఆ సాయంత్రం కేంద్రం గుమ్మంలో నిలబడింది. "సారూ, ఇంక ఆరు రోజులే ఉంది. ఆయన నిన్నటి నుంచి గంజి కూడా మింగట్లా. నాకు టోపీ వొద్దు, తాళాలగుత్తి వొద్దు. ఆ లెటరొక్కటి ఇయ్యండి" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదేమో, పరాంకుశం గారు ఏడుపుకు సిద్ధంగా ఉండే మనిషి. ఈ మామూలు గొంతు వినగానే ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. చూస్తుండగానే ఆయనకు ఆలోచన వచ్చింది.

"అమ్మా, యజమానులు చెప్పకపోతేనేం, ముక్కు చెబుతుంది!" అన్నారు.

పోలీసువారు దొంగను పట్టుకుంటే పదిమందిలో నిలబెట్టి గుర్తుపట్టమంటారు కదా. ఆ పద్ధతిలోనే పొగలను వరసగా నిలబెడతారు. మిరపకాయలు, పత్తి, పరుపుల స్పాంజి, టైర్లు, నాలుగు కుప్పలు. ఒక్కొక్కటీ అంటించి అంకారావు చేత వాసన చూపిస్తారు. ఏ పొగకు గొంతు ఎక్కువ మండితే అది ముద్దాయి.

"గొంతు క్యాన్సరున్నోడికి పొగ పెడతారా?" అన్నాను నేను.

"వైద్యబృందం సమక్షంలో" అన్నారు పరాంకుశం గారు, గాయపడినట్టు.

వజ్రమ్మ వద్దే వద్దంది. అంకారావు మంచం మీంచే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇరవై నాలుగేళ్లు పీల్చా. ఇంకో పావుగంట. లెటరిత్తారంటగా" అన్నాడు. ఆ మాట సగం గాలిగానే బయటికి వచ్చింది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను, కళ్లలోకి ఏదో పడిందన్నట్టు.

*

జూన్ పదహారు, సోమవారం, మధ్యాహ్నం రెండున్నర. కేంద్రం ఆవరణలో షామియానా, ముందు వరసలో అధికారులకు సోఫాలు, పక్కన 'పొగ గుర్తింపు కవాతు' అని బ్యానరు. కేంద్రం వారే టెండరు పిలిచి కొన్న టైర్లు, పత్తి, స్పాంజి, రెండు బస్తాల ఎండుమిరపకాయలు నాలుగు కుప్పలుగా పోసి ఉన్నాయి. ముందుజాగ్రత్తగా మా ఫైరింజనును గేటు దగ్గర పెట్టించారు. వైద్యబృందం అంటే ఒక బీపీ మిషను, దాన్ని పట్టుకున్న ఒకాయన.

అంకారావును కుప్పల వెనక, గాలికి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. పొగ అతనివైపే రావాలని ఆ ఏర్పాటు. వజ్రమ్మ తువాలు తడిపి అతని ముక్కుకూ నోటికీ చుట్టి, వెనక నిలబడింది. అంకారావు మాత్రం పొగల సంగతి వదిలేసి బ్యానరు కేసి చూస్తున్నాడు. పాతికేళ్లు మంటల్లో తిరిగినవాడి కన్ను ముందు గాలిని చూస్తుంది.

నన్ను సైగ చేసి పిలిచాడు. చెవిలో చెప్పాడు. నేను వెళ్లి పరాంకుశం గారికి విన్నవించాను. "సార్, మూడు గంటలకు మన ఊళ్లో సముద్రపు గాలి తిరుగుద్దండీ. షామియానా ఈ పక్కకు మార్చమంటున్నాడు అంకారావు."

ఆయన జాలిగా నవ్వారు. "మస్తాన్, సీటింగు ప్రోటోకాల్ ప్రకారం ఖరారైంది. ముఖ్యులు తూర్పుముఖంగా కూర్చోవాలి. గాలి కోసం ప్రోటోకాల్ మార్చిన దాఖలా లేదు."

జ్యోతి ప్రజ్వలన చేసినట్టుగా ఆయనే స్వయంగా కాగడా అందుకుని, ఫొటో కోసం రెండు సార్లు ఆగి, మొదట మిరపకాయలు, తర్వాత టైర్లు, మిగతా రెండూ వరసగా అంటించారు. ఒక్కొక్కటీ ఆరాక మరొకటి అంటించాలని ప్రణాళికలో ఉంది. ఫొటోగ్రాఫరు నాలుగూ కలిసి వస్తే బాగుంటుందన్నాడు.

మూడింటికి రెండు నిమిషాలుండగా బ్యానరు ఒకసారి వేలాడింది. తర్వాత గాలికి అవతలివైపు ఉబ్బింది.

మిరపకాయ పొగ గురించి తెలియనివారికి ఎలా చెప్పను? పోపులో నాలుగు కాయలు మాడితే వీధి వీధంతా దగ్గుతుంది. రెండు బస్తాలు. సోఫాల మీది ముఖ్యులందరూ ఒకేసారి తుమ్మారు. తుమ్మడానికి నోళ్లు తెరిచినవారికి టైరు పొగ అందింది. ఎవరు ఎటు పరిగెత్తుతున్నారో వారికే తెలియలేదు. ఒక నిప్పురవ్వ లేచి షామియానా మీద వాలింది.

"కోట్లు!" అని అరిచాడు మావాడొకడు.

"సీల్లో ఉన్నాయి!" అన్నారు సాల్మన్‌రాజు గారు.

బనియన్ల మీదే దూకాం. నేను పంపు తిప్పాను. మావాళ్లు షామియానా కూల్చి, ముఖ్యులను చేతుల మీద బయటికి లాగి, నాలుగు కుప్పలనూ ఆర్పేసరికి పది నిమిషాలు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గాలి ఎటు తిరగాలో అటు తిరిగింది గనుక అంకారావు కుర్చీలో హాయిగా కూర్చునే ఉన్నాడు. తడి తువాలు ఆరను కూడా లేదు.

పొగలోంచి ఒక నల్లటి మనిషి వచ్చాడు. జేబులో రెండు కలాలు ఉండబట్టి పరాంకుశం గారని పోల్చుకున్నాం.

"నీళ్లు!" అని కేక పెట్టారు. "అయ్యా, నీళ్లు పోయండి నామీద! ఈ మసి వెంటనే కడిగెయ్యాలి! చర్మంలోంచి ఇంకుతుంది! క్యాన్సర్ వస్తుందయ్యా, మన హ్యాండ్‌బుక్కులోనే ఉంది!"

నేను పైపు ఎత్తాను. మీట మీద చెయ్యి వేశాను.

"వొదలమాక అన్నయ్యా" అంది వజ్రమ్మ.

ఆమె నెమ్మదిగా నడిచి వచ్చి ఆయన ముందు నిలబడింది. చేతిలో గోడ మీది ఉత్తర్వు. ఎప్పుడు చించుకొచ్చిందో నాకు తెలియదు. "కడగమాకండి సారూ. ఆధారం పోద్ది" అంది.

"అది... అది మీ కోట్లకమ్మా!"

వజ్రమ్మ కాగితాన్ని సాల్మన్‌రాజు గారికి ఇచ్చింది. ఆయనకు కాగితం అక్కర్లేదు, బట్టీ వచ్చు. నిటారుగా నిలబడి, కళ్లు మూసుకుని, సర్వీసులో మొదటిసారి పై అధికారితో 'అవును' కాని మాట ఒకటి అన్నారు. "కోట్లని లేదు సార్. 'మసి సోకిన సమస్త వస్త్రములు' అని ఉంది సార్. కడుగుట, తుడుచుట, దులుపుట నిషేధం సార్. దాని ప్రకారం అయితే తమ సూటును గోనెసంచిలో పెట్టాలి సార్."

పరాంకుశం గారు ముఖం తుడుచుకోబోయి చెయ్యి దించేశారు. "ఎంతవరకు?"

"పొగ యజమాని ధ్రువపత్రం ఇచ్చేవరకు సార్."

"ఎవరయ్యా ఆ యజమాని? పిలవండి, పిలవండి వాణ్ణి!"

సాల్మన్‌రాజు గారే వేళ్లు ముడుస్తూ చెప్పుకుపోయారు. "స్థలం కేంద్రం లీజు సార్. సరుకు కేంద్రం టెండరు సార్. కేంద్రం తరఫున సంతకం తమరిది సార్. అంటించిందీ తమరే సార్, ఫొటో ఉంది."

అప్పుడు చూశాను ఆయన కళ్లలోకి. మిరపకాయల వల్ల నీళ్లు ధారగా కారుతున్నాయి, మసిలో రెండు చారలు పడ్డాయి. ఆయన అంకారావు వైపు చూశారు. నాకు తెలిసి, ఫైలు అడ్డం లేకుండా అతన్ని చూడటం అదే మొదటిసారి. పదకొండేళ్ల మసి తొడుక్కుని తిరిగిన మనిషిని, పదకొండు నిమిషాల మసి ఒంటిమీద ఓర్చుకోలేని మనిషి చూస్తున్నాడు. జేబులోంచి కలం తీశారు. కొట్టివేత కలం కాదు, రెండోది.

వజ్రమ్మ రవికెలోంచి ఫారం తీసి విప్పింది. పందొమ్మిదో గడిలో సాల్మన్‌రాజు గారు రాశారు: 'మంట: తోడునీడ కేంద్రం ఆవరణ. తేది: జూన్ 16. సదరు పొగను బొల్లా అంకారావు పీల్చుట జరిగినది.' కింద పరాంకుశం గారు యజమానిగా ఒక సంతకం, సంచాలకులుగా ఒక సంతకం పెట్టారు. బొటనవేలి మసి కాగితానికి అంటి, అదొక ముద్రలా పడింది. గడులన్నీ నిండాయి. నిండిన ఫారానికి లెటరు ఆపే నిబంధన ఎక్కడా లేదు. అక్కడే, తగలబడిన సోఫా చేతి మీద పెట్టుకుని, లెటరు మీద కూడా సంతకం చేశారు.

"ఇప్పుడొదులు బావా" అన్నాడు అంకారావు. గొంతు రాలేదు, పెదవులు మాత్రం కదిలాయి. నాకు వినబడింది.

ఇరవై రెండేళ్ల సర్వీసులో అంత సంతోషంగా నేనెప్పుడూ నీళ్లు వదల్లేదు.

*

లెటరు పదిహేడు మధ్యాహ్నానికే డాక్టరమ్మ బల్ల మీద పెట్టాం. పద్దెనిమిదిన ఆపరేషన్ జరిగింది. వేసవిలో బయటపడ్డ రోగానికి కారణం జూన్ నడుమ పుట్టిందన్న సంగతి ఇంతవరకు ఏ అధికారీ పట్టించుకోలేదు. ఆడిట్ వారు కూడా ఫైలు చూసి, ఇంత పక్కాగా ఉన్న కేసు మరొకటి లేదని రాశారట.

ధ్రువపత్రం అందింది కాబట్టి నియమం ప్రకారం సంచులకు వేసిన లక్కముద్రలు పగలగొట్టారు. ఆ ఆదివారం స్టేషన్ ముందు పద్నాలుగు కోట్లూ ముందేసుకుని కూర్చున్నాం. వజ్రమ్మ ఆసుపత్రి నుంచి ఆ పూటకు వచ్చి, తను వదిలిపెట్టి వెళ్లిన బకెట్టునే మా ముందు పెట్టింది. మాలో ఇంట్లో ఒక్క చొక్కా ఉతికినవాడు లేడు. "అట్టా కాదు, కాలర్ రుద్దు. మళ్లీ ముంచు" అంటూ మా మధ్య తిరిగింది. కాలవలో నల్లటి నీళ్లు సాయంత్రం దాకా పోతూనే ఉన్నాయి. ఇంత విషాన్నా మేం ఇన్నాళ్లూ కళ్లకద్దుకున్నది! ఆ బకెట్టుకు మేం అడ్డంగా నిలబడ్డ రోజు గుర్తొచ్చి, "అమ్మాయ్, తప్పయిపోయింది" అన్నాను. "చేతులు కూడా కడుక్కో అన్నయ్యా" అంది అంతే.

పరాంకుశం గారు ఇప్పుడు దరఖాస్తులో పందొమ్మిదో గడి తీసేయించే ప్రతిపాదన పంపారట. దాని మీద పై నుంచి అడిగారట, ఏ ఆధారంతో తీసేయాలంటున్నారని.

నాలుగు నెలలకు అంకారావు స్టేషన్‌కు వచ్చాడు. ఇంకా మాట్లాడకూడదన్నారు, మెళ్లో తాడు కట్టిన పలక. సగానికి సగం అయ్యాడు గానీ అన్నం తింటున్నాడు. వజ్రమ్మ పక్కనే ఉంది. నేరుగా మొదటి మేకు దగ్గరికి వెళ్లి ఆగిపోయాడు. అక్కడ నీలంరంగు కోటు వేలాడుతోంది. మసి కింద నీలం ఉందని మాలో ఎవరికీ గుర్తు లేదు, ఖాకీ అని పందేలు కూడా కాశాం.

పలక మీద రాశాడు: 'ఎవరిది?'

"నీదే బావా" అన్నాను.

కోటు కాలర్ పట్టుకుని చాలాసేపు చూశాడు. కోపం వస్తుందేమోనని మేమంతా బిక్కచచ్చిపోయాం. చెరిపేసి, మళ్లీ రాసి, పలక మావైపు తిప్పాడు: 'పెళ్లికొడుకొచ్చాడ్రోయ్.'

వజ్రమ్మ పకపకా నవ్వింది. ఆమె నవ్వు విని ఏడాది కావస్తోందని అప్పుడే తెలిసింది మాకు.

అంతలో బెల్లు మోగింది. పత్తి మిల్లు. ఎవరి కోటు వాళ్లు తగిలించుకుని పరిగెత్తాం. అలవాటు ప్రకారం నా చెయ్యి మొదటి మేకు మీదికి పోయింది. కోటును తాకి వేళ్లు కళ్లదాకా తెచ్చుకుని చూసుకున్నాను. చేతికి ఏమీ అంటలేదు.